షాపులో రెండు వజ్రపు రవ్వలూ మెరిశాయి, గుమ్మం బయటికి తెస్తే ఒకటి మసకబారింది. ఏది తీసుకోవాలి?

చిట్టీపాట రాణి:

మాది వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ. మూడేళ్ళుగా కడుతున్న చిట్టీ ఈ నెల చేతికొచ్చింది, ఇంట్లోవాళ్ళు దానికి వేరే ఖర్చు చూపించకముందే ఒంటిరాయి ఉంగరం చేయించుకుందామని జగదాంబ జంక్షన్ దగ్గర ఒక షాపుకి వెళ్ళాను. పొదగని రాళ్ళు రెండు చూపించారు. రెండూ గుండ్రం కట్. రెండింటికీ జీఐఏ (వజ్రాలని పరీక్షించి గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థ) సర్టిఫికెట్ ఉంది, కట్, పాలిష్, సిమెట్రీ మూడు చోట్లా ఎక్సలెంట్ అనే ఉంది.

మొదటిది 0.50 క్యారెట్, జీ రంగు, క్లారిటీ (లోపలి మచ్చలు ఎంత తక్కువో చెప్పేది) వీఎస్1. టేబుల్ (పైన చదునుగా ఉండే పలక) 57 శాతం, లోతు 62.6 శాతం, క్రౌన్ (టేబుల్ చుట్టూ ఉండే పై వాలు) కోణం 35.5, పెవిలియన్ (కిందికి సన్నబడే అడుగు భాగం) కోణం 41.2, వ్యాసం 5.08 మిల్లీమీటర్లు. రెండోది 0.47, హెచ్ రంగు, వీఎస్2. టేబుల్ 56, లోతు 61.3, క్రౌన్ 34.5, పెవిలియన్ 40.8, వ్యాసం 5.01.

షాపు లైట్ల కింద రెండూ ఒకేలా తళతళలాడాయి. ఒకసారి బయట చూస్తానని అడిగితే అబ్బాయి ట్రేతో సహా మెట్ల మీదకి వచ్చాడు. అక్కడ నీడలో రెండోది బాగానే ఉంది గానీ, మొదటిదాంట్లో టేబుల్ అంచు కింద చుట్టూ బూడిదరంగు వలయం కనిపించింది. అబ్బాయిని అడిగితే "అది మీ నీడే మేడం" అన్నాడు. మా ఆయనేమో ఎలాగూ కొంటున్నావు, నిండుగా 50 సెంట్లది, అంటే అర క్యారెట్‌ది, తీసుకో అంటున్నారు. మొదటిదానికి రంగూ, క్లారిటీ కూడా ఒక మెట్టు పైనే ఉన్నాయి కదా. నా కళ్ళని నమ్మాలా, సర్టిఫికెట్‌ని నమ్మాలా?

సూరత్ రిటర్న్:

కళ్ళనే నమ్మండి అక్కా. మాది శ్రీకాకుళం వైపు, ఆరేళ్ళు సూరత్‌లో ఘంటీ (సాన చక్రం) మీద కూర్చుని రాళ్ళు సాన పట్టాను, ఇప్పుడు గాజువాకలో ఉంటున్నా.

వజ్రం లోపలికి వెళ్ళిన వెలుగు అడుగు పలకకి తగిలినప్పుడు, ఆ పలక మీద నిట్టనిలువు గీతకి 24.4 డిగ్రీల కంటే ఎక్కువ వాలుగా తగిలితే అద్దం మీద పడ్డట్టు వెనక్కి తిరుగుతుంది, అంతకంటే తక్కువైతే కిందనుంచి కారిపోతుంది. బాగా సాన పట్టిన రాయిలో పైనుంచి దిగిన వెలుగు పెవిలియన్‌లో ఒక పక్క తగిలి, ఎదుటి పక్కకి దాటి, మళ్ళీ పైనుంచే బయటికొస్తుంది. అసలు అద్దం పెవిలియనే, అందుకే అక్కడ అర డిగ్రీ తేడా కూడా లెక్కే. క్రౌన్ నిటారుగా ఉంటే పెవిలియన్ కాస్త పడుకుని ఉండాలి, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలి. మీ మొదటి రాయిలో 35.5, 41.2 రెండూ నిటారే. ఇలాంటి జోడీలో వెలుగు కారేది సరిగ్గా టేబుల్ అంచు కిందనే, మీకు వలయం కనిపించిందీ అక్కడే. రెండోదాని 34.5, 40.8 చూడండి, 1919లో టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు లెక్క కట్టి చెప్పింది 34.5, 40.75.

మరి రెండూ ఎక్సలెంట్ ఎలా అయ్యాయంటే, జీఐఏ గుండ్రటి రాళ్ళకి 2006 నుంచి కట్ గ్రేడు ఇస్తోంది, అందులో ఎక్సలెంట్ అన్నది ఒక్క చుక్క కాదు, పెద్ద పరిధి. నడిమధ్యన ఉన్న రాయీ, గోడకి ఆనుకుని ఉన్న రాయీ ఒకే పేరుతో అమ్ముడవుతాయి.

అలా ఎందుకు కోస్తారో కూడా చెప్తా. 0.50కి చేరగానే క్యారెట్ రేటే మారిపోతుంది. ముడిరాయిని చక్కగా కోస్తే 47 సెంట్లు వచ్చేదాన్ని, కోణాలు నిటారుగా వదిలేసి 50కి తెస్తారు, మా సేఠ్ ముందు తక్కెడ చూసేవాడు, తర్వాతే మెరుపు. ఆ మూడు సెంట్లూ రాయి కడుపులోకే వెళ్ళాయి, పైకి మీకు దక్కింది 0.07 మిల్లీమీటరు. వేలికి పెట్టుకుంటే మీ ఆయన కాదు కదా నేనే పోల్చలేను.

జీకీ హెచ్‌కీ తేడా అయినా ఉంగరంలో పొదిగాక ఎవరికీ తెలీదు, వీఎస్1, వీఎస్2 అయితే భూతద్దం లేకుండా అసలు తెలీదు.

పాతూరు పిన్ని:

ఈ డిగ్రీలు మాకు తెలీవమ్మా. మా అమ్మ రవ్వల దుద్దులు బ్లూ జాగర్ అని చెప్పుకునేది, ఎండలో నీలం జీర కొట్టేవి. కురుపాం మార్కెట్ సేటు రవ్వల్ని కాగితం పొట్లంలో కట్టి ఇంటికే పంపేవాడు. మా తాతయ్య వాటిని ఎండలో చూసేవాడు కాదు, లైటు కింద చూసేవాడు కాదు, పొద్దున్నే వీధి గుమ్మంలో నీడన నిలబడి అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసేవాడు. నువ్వు మెట్ల మీద చేసింది అదే.

బరువు పిచ్చి కొత్తదేం కాదులే. కోహినూరుని 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే జనం ఇంతేనా అని పెదవి విరిచారట, మరుసటి ఏడాది మళ్ళీ సాన పట్టించి 105.6 క్యారెట్లకి దించేశారు, సగానికి దగ్గరగా బరువు పోయింది. మెరుపు కోసం విక్టోరియా రాణిగారే అంత వదులుకుంటే మనకి మూడు సెంట్లు ఎంత.

డిగ్రీల డౌటు:

సూరత్ రిటర్న్ గారూ, మీరు చెప్పింది నిజమే గానీ అంకెలు చూసి ఒకటి కొట్టేయండి, అంకెలు చూసి మాత్రం కొనకండి అంటాను నేను. సర్టిఫికెట్లో కోణాలు సగటు లెక్కలు, పైగా క్రౌన్‌ని దగ్గరి అర డిగ్రీకి, పెవిలియన్‌ని దగ్గరి 0.2 డిగ్రీకి సర్దుబాటు చేసి వేస్తారు. ఎనిమిది పలకల్లో ఒకటి 40.5, ఇంకోటి 41.1 ఉన్నా కాగితం మీద 40.8 అని ముచ్చటగా కనిపిస్తుంది. రెండో రాయికి ఏసెట్ ఫొటో (రాయిలోకి వెలుగు ఎటునుంచి వస్తోందో రంగుల్లో చూపించేది) ఉందేమో అడగండి. అందులో ఎరుపు ఎంత నిండుగా ఉంటే అంత వెలుగు, ఆకుపచ్చ అంటే పక్కలనుంచి వచ్చే నీరసమైన వెలుగు, నీలం చూసేవాళ్ళ తల నీడ, తెల్లగానో నల్లగానో ఖాళీ కనిపిస్తే వెలుగు అక్కడ కారిపోతున్నట్టు.

సేల్స్ అబ్బాయిది పూర్తిగా అబద్ధం కూడా కాదు. తల దగ్గరగా పెడితే దాని నీడ రాయిలో పడుతుంది, బాణాల్లా నల్లగా కనిపించేవి ఎక్కువగా అవే, ఆ నలుపు తెలుపుల తేడా లేకపోతే రాయి తిప్పినప్పుడు మిణుకుమనదు. చెయ్యి చాపి దూరంగా పట్టుకోండి, నీడైతే మారుతుంది, కారడం అయితే అలాగే ఉంటుంది. రాయి కింద ముదురు రంగు గుడ్డ పెట్టి నిలువుగా పైనుంచి చూడండి, వలయంలో గుడ్డ రంగు దిగితే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

చిట్టీపాట రాణి:

నిన్న మళ్ళీ వెళ్ళొచ్చాను. ఏసెట్ అంటే ఏంటో షాపులో ఎవరికీ తెలీదు, నేనేదో పరీక్ష పెట్టడానికొచ్చినట్టు చూశారు. ఆకుపచ్చ జాకెట్టు ముక్క బ్యాగులో వేసుకెళ్ళాను. చెయ్యి చాపి చూసినా మొదటిదాంట్లో వలయం కదల్లేదు, గుడ్డ మీద పెడితే ఆ వలయం మొత్తం పచ్చగా తేలింది. రెండోదాంట్లో అంచుల్లో ఎక్కడో చిన్న చుక్కలంతే. మా ఆయన కూడా ఉన్నారు, ఏమీ మాట్లాడలేదు, దారిలో మాత్రం "అయితే 47దే" అన్నారు.

రెండోదానికి అడ్వాన్సు కట్టేశాను. ఇప్పుడు కంసాలి వెనక బంగారంతో మూసేస్తే రాయి గట్టిగా ఉంటుందంటున్నాడు. మూయించనా?

సూరత్ రిటర్న్:

వద్దక్కా. బాగా కోసిన రాయికి వెలుగు కావాల్సింది పైనుంచే, కాబట్టి మూసినంత మాత్రాన చీకటైపోదు, అది నిజమే. కానీ మూస్తే అడుగు కడగలేరు. వజ్రానికి జిడ్డు అంటే మహా ఇష్టం, గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదుగా నీళ్ళతో పారిస్తే మామూలు రాళ్ళు కొట్టుకుపోయి వజ్రాలు అతుక్కుపోతాయి. కొబ్బరినూనె, పిండి, మన వైజాగ్ చెమట పెవిలియన్‌కి పట్టాయంటే ఎంత మంచి కోణమైనా వెలుగు కారిపోతుంది. వెనక తెరిచే ఉంచమనండి, గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్ళలో వేసి మెత్తటి బ్రష్‌తో అడుగునుంచి రుద్దుకోవచ్చు.

ఇంకోటి, రాయి పొదగకముందే మళ్ళీ వెళ్ళి పది రెట్ల భూతద్దంలో గర్డిల్ (రాయి నడుము అంచు) మీద లేజర్‌తో చెక్కిన నంబరు సర్టిఫికెట్‌తో సరిచూసుకోండి, రాయిని పట్టే బంగారు గోళ్ళు బిగించాక ఆ నంబరు వాటి కిందికి వెళ్ళి కనిపించకపోవచ్చు. ఉంగరం మీద హాల్‌మార్క్ ఉంది కదా అని ఊరుకోకండి, అది బంగారానికే, రాయికి కాదు.