ఆటవెలది చిత్తుప్రతి: గణం, యతి, సంధి, అర్థం ఎక్కడ తప్పాయో చెప్పండి
(ఇది కొందరి మధ్య చర్చ. ప్రతి మాట పైన విడిగా ఉన్నది రాసినవారి కలంపేరు.)

చిత్తుప్రతి
వానకు చెరిగిపోయే ముగ్గు మీద ఒక ఆటవెలది. మొహమాటం లేకుండా విప్పి చూపండి. పాదం సంఖ్య, గణం సంఖ్య వేసి చెబితే దిద్దుకోవడం తేలిక. బాగుంటే బాగుందనకండి, ఎందుకు బాగుందో చెప్పండి.

వర్షపు చుక్క రాలె వాకిట ముగ్గుపై
చుక్కలన్నీ కలిసి రూపు మారె
గీత చెరిగిపోయె గీసిన చేతికి
అంటుకున్న పిండి ఆరలేదు

గణవిభజన
మొదటి పాదం మొదట్లోనే గణం తప్పింది. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. గణమంటే గురులఘువుల గుంపు. లఘువు ఒక మాత్ర పలికే పొట్టి అక్షరం, గురువు రెండు మాత్రలది: దీర్ఘం గానీ, వెనక జంటాక్షరం ఉన్నది గానీ. సూర్యగణమంటే గల (గురువు, లఘువు) గానీ, మూడు లఘువులు గానీ. ఎలా చూసినా మూడు మాత్రలు. మూడు మాత్రలున్నా లఘువు తర్వాత గురువు వస్తే మాత్రం పనికిరాదు. మీ పాదంలో "వర్ష" గల, సరే. తర్వాతి "పుచుక్క" లగల. "క్క" ముందున్న "చు" గురువైంది, దాని ముందు "పు" లఘువు. అక్కడ గణం విరగదు.

"వాన చుక్క రాలె" అనండి. గల, గల, గల. వర్షం కన్నా వాన మాటే ఈ పద్యానికి దగ్గర కూడా.

రెండో పాదం రెండో గణం "లన్నీ" రెండు గురువులు. మాట్లాడేటప్పుడు "అన్నీ" అని సాగదీస్తాం, అలవాటుగా అలాగే రాసేస్తాం. పద్యంలో "అన్ని" చాలు. "అందరూ", "మళ్ళీ", "కానీ" కూడా ఇలాగే ముంచుతాయి. చివరి దీర్ఘం ఉంచాలా వద్దా అన్నది రాసే ముందే తేల్చుకోవాలి.

లఘువు
కొత్తగా రాసేవాళ్ళకు ఒక కొలత. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. బట్టీ పట్టక్కర్లేదు. గణం గురువుతో మొదలైతే మూడక్షరాలు తీసుకోండి, లఘువుతో మొదలైతే నాలుగు. గురువుతో మొదలైనదాంట్లో మూడూ గురువులు కాకూడదు. లఘువుతో మొదలైనదాంట్లో రెండో అక్షరం గురువు కాకూడదు, చివరి రెండూ కలిసి గురువులు కాకూడదు. అంతే, ఆరు గణాలూ వచ్చేశాయి.

"వాకిట" భగణం (గలల), "ముగ్గుపై" రగణం (గలగ). కాబట్టి మొదటి పాదం రెండో సగానికి ఢోకా లేదు.

విడగొట్టేటప్పుడు పాదమంతా ఖాళీలు లేకుండా ఒకే ముక్కగా రాసుకోండి. మాటల మధ్య ఖాళీ ఉంటే కన్ను మాట దగ్గరే ఆగుతుంది, గణం దగ్గర ఆగదు. "చెరిగిపోయె"లో "చెరిగి" ఒక గణం, "పోయె" ఇంకో గణం. ఇక్కడ మాట విరుపూ గణం విరుపూ కలిశాయి గానీ ప్రతిసారీ కలవవు.

ప్రాసయతి
రెండో పాదంలో అసలు చిక్కు యతి. ఆటవెలదికి ప్రాస నియమం లేదు, అంటే అన్ని పాదాల రెండో అక్షరం ఒకటే హల్లు కానక్కర్లేదు. యతి మాత్రం నాలుగో గణం మొదటి అక్షరానికి, అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. "చు"కు "రూ" కుదరదు. చ-ఛ-జ-ఝ-శ-ష-స ఒక జట్టు. దాని మీద ఉ-ఊ-ఒ-ఓ ఉండాలి. హల్లు కలిసి అచ్చు కలవకపోతే యతి కాదు. సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి, "చు"కు "సా" వేసి చ-స మైత్రి ఉందిగా అంటారు.

చుక్కలన్ని కలిసి సొగసు మాసె

చు-సొ సరిపోయింది, గణాలూ సరిపోయాయి.

ప్రాసయతి కూడా చెల్లుతుంది, అంటే పాదం రెండో అక్షరం, నాలుగో గణం రెండో అక్షరం ఒకటే హల్లు కావడం. వాటి ముందక్షరాలు రెండూ గురువులో రెండూ లఘువులో అయి ఉండాలి. "చుక్కలన్ని కలిసి ముక్కలయ్యె" అంటే ఛందస్సు నూటికి నూరు. కలిసినవి ముక్కలెలా అయ్యాయని మాత్రం అడగకండి.

వచనం
పద్యాలు రాయను, అయినా ఒక మాట. "రూపు మారె" కళ్ళకు కనబడుతుంది. "సొగసు మాసె" కనబడదు, ఎవరో చెబితే వింటున్నట్టుంది. యతి కోసం మంచి మాట తీసి మెత్తటి మాట పెట్టారు.

ప్రాసయతి
ఒప్పుకుంటాను. అప్పుడు చేయాల్సింది యతి స్థానంలో మాట వెతకడం కాదు, పాదాన్ని తిరగేయడం. ఉంచుకోవాలనుకున్న మాటను పాదం మొదటికి తెచ్చి, దానికి జత వెతకాలి.

రూపు మారె చుక్క లొకటి గాగ

రూ-లొ. ర-ల మైత్రి ఉంది, ఊ-ఒ మైత్రి ఉంది.

అప్పులేని యతి
ఇది అఖండయతి అవుతుందండీ. "చుక్కలు + ఒకటి" సంధిలో "లొ" వచ్చింది. రెండో మాట మొదలు "ఒ", దానికి అచ్చుతోనే యతి వేయాలి. సంధి విడదీయకుండా "ల" పట్టుకుని వేయడాన్ని కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. తెలిసి వాడితే వేరు. నేర్చుకునేవాళ్ళు మొదట్లోనే వాడితే అలవాటైపోతుంది, తర్వాత ఏ సంధి దగ్గరైనా యతి దొరికేసిందనుకుంటారు.

జాగా తేలికగానే ఉంది. రు, రూ, లు, లూ, రొ, రో, లొ, లోలతో మొదలయ్యే మాట కావాలి, అది సంధిలో పుట్టింది కాకూడదు.

రూపు మారె కరగి లోని చుక్క

గల, గల, న (మూడు లఘువులు), గల, గల.

చిత్తుప్రతి
"లోని చుక్క" బాగా కుదిరింది. పైన వాన చుక్క, లోపల ముగ్గు చుక్క. ఆ జంట కోసమే మొదట చుక్క మాట రెండుసార్లు వేశాను.

విసంధి
గణాలూ యతులూ అయ్యాయి కాబట్టి భాష దగ్గరికి వద్దాం.

ఒకటి, "చేతికి / అంటుకున్న". "కి" తర్వాత ద్రుతం, అంటే మాట చివర దాగి ఉండే నకారం, ఉంటుంది. చేతికిన్ + అంటు, చేతికి నంటు. పాదం మారినంత మాత్రాన సంధి ఆగదు. "నంటుకున్న" అంటే యతి పోతుందని భయం వద్దు. ద్రుత నకారం అచ్చుతో కలిసిన చోట లోపలి అచ్చుకే యతి వేయవచ్చు. అం-ఆ అలాగే నిలుస్తుంది.

రెండు, "పిండి ఆరలేదు". ఇకారం మీద సంధి జరగకపోతే యడాగమం రావాలి, అంటే మధ్యలో య చేరాలి, "పిండి యారలేదు". అ, ఆ, ఐ, ఔ, య, హ ఒకే జట్టు కనుక ఇక్కడా యతికి నష్టం లేదు.

మూడు, కొత్తగా వచ్చిన "మారె కరగి". "మారెను"లో ద్రుతం ఉంది, తర్వాతి పరుషం (ఇక్కడ క) సరళం (గ) అవుతుంది. "మారె గరగి" అనాలి.

సరిచూసే సాఫ్ట్‌వేర్ ఆకుపచ్చ గుర్తు పెట్టినంత మాత్రాన ఇవి సరైనట్టు కాదు. అది గురులఘువులు లెక్కపెట్టి చూస్తుంది, ద్రుతం సంగతి మీరే చూసుకోవాలి.

లఘువు
సంయుక్తాక్షరంతో మొదలయ్యే మాట ముందు ఏం చేయాలని చాలామంది అడుగుతుంటారు, ఇక్కడే చెప్పుకుందాం. "వాని ప్రతిభ"లో "ని" లఘువే, రెండూ విడి మాటలు. "కవిప్రతిభ" సంస్కృత సమాసం, అందులో "వి" గురువు. పక్కన "ప్ర" ఉంది కదా అని ప్రతి చోటా గురువు చేస్తే గణాలన్నీ జరిగిపోతాయి. సున్న, పొల్లు, విసర్గ ఉన్న అక్షరాలు గురువులే. అరసున్న వల్ల గురువు రాదు. ఐ, ఔలు ఎప్పుడూ గురువులు.

వచనం
నాకు సంధి కన్నా పిండి అనుమానంగా ఉంది. పొడి పిండితో వేసిన ముగ్గయితే చేతికి అంటింది ఆరడమేమిటి? అసలు తడి ఉంటేగా. నానబెట్టి రుబ్బిన పిండితో వేసిందైతే ఆరుతుంది గానీ, ఆ సంగతి పద్యంలో ఎక్కడా లేదు. చదివేవాళ్ళు క్షణం ఆగి ఏ పిండి అనుకుంటే ఆఖరి పాదం పోయినట్టే.

చిత్తుప్రతి
నిజమే. పొడి పిండే మనసులో ఉంది. "ఆరలేదు" యతి కోసం దానంతటదే వచ్చింది.

గణవిభజన
"అట్లె యుండె" పెట్టి చూడండి. నంటుకున్న పిండి యట్లె యుండె. గల, గల, గల, గల, గల. తప్పు లేదు కానీ ఐదు గలలు వరుసగా వస్తే పైకి చదివినప్పుడు కుంటుతున్నట్టుంటుంది. గణాలు సరిపోయిన పద్యం కూడా నడవకపోవడానికి ఇదే ఎక్కువసార్లు కారణం. మధ్యలో ఒక్క నగణం వేస్తే ఊపిరి వస్తుంది. "నంటుకొనిన" అనండి: నంటు, కొనిన, పిండి, యట్లె, యుండె. రెండోది మూడు లఘువులు.

వచనం
"కొనిన" ఎవరంటారు ఈ రోజుల్లో?

విసంధి
"యట్లె" ఎవరూ అనరు, "గరగి" అసలే అనరు. ఒక పద్యంలో ఒకే భాష ఉండాలన్నది నా అభిప్రాయం. వ్యావహారికంలోనే రాస్తానంటే రాయండి, అప్పుడు ద్రుతాలూ యడాగమాలూ వదిలేసి "అంటుకున్న", "అట్లా" అని పద్యమంతా అలాగే నడపాలి. సగం అటూ సగం ఇటూ అయితే గణం కోసం అరువు తెచ్చుకున్నట్టు దొరికిపోతుంది.

ప్రాసయతి
అరువు అంటే గుర్తొచ్చింది, ఈ చిత్తులో పూరణ పదాలు లేవు. ఇలన్, భువిన్, కదా, సుమీ, నిజము, మరియు... గణం తక్కువైన చోట దూరేవి ఇవే. పరీక్ష తేలిక. మాట తీసేసి పాదాన్ని వచనంగా చదవండి. అర్థం ఏమీ తగ్గకపోతే ఆ మాట గణం కోసం వచ్చింది. అప్పుడు మాట మార్చకండి, వాక్యం మార్చండి. ఒక క్రియనో విశేషణాన్నో అసలు అవసరమైనదాన్ని తెచ్చి ఆ మూడు మాత్రలూ దానికి ఇవ్వండి.

కందం కావాలి
ఇదే విషయం కందంలో చెప్పవచ్చా?

గణవిభజన
చెప్పవచ్చు, కానీ ఆటవెలది చేతికి వచ్చాక. కందంలో నాలుగు మాత్రల గణాలు: గగ, భ (గలల), జ (లగల), స (లలగ), నల (నాలుగు లఘువులు). మొదటి పాదానికి మూడు, రెండో పాదానికి ఐదు, అలా రెండుసార్లు. ఎనిమిదింటినీ వరుసగా లెక్కపెడితే బేసి స్థానంలో జగణం రాకూడదు, ఆరోది జగణమో నలమో కావాలి, ఎనిమిదోది గురువుతో ముగియాలి. ప్రాస తప్పనిసరి. యతి 2, 4 పాదాల్లో మొదటి గణానికీ నాలుగో గణానికీ. మొదటి పాదం లఘువుతో మొదలైతే నాలుగూ లఘువుతోనే మొదలవ్వాలి. కొత్తవాళ్ళు పడేది ఆరో గణం దగ్గరే. అందుకని ముందు ఆరో గణానికి మాట కుదుర్చుకుని, తర్వాత అటూ ఇటూ కట్టుకోవడం మంచిది.

తేటగీతి
కందానికి ముందు తేటగీతి పట్టండి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, నాలుగు పాదాలూ ఒకే తీరు. యతి నాలుగో గణానికే, ప్రాసయతీ చెల్లుతుంది.

కొత్త కలం
పద్యం రాదు, వచనంలో ఇదే భావం రాశాను. దీన్నీ చూడండి.

జ్ఞాపకాల వానజల్లులో తడిసిన
మౌనపు ముగ్గులా నా మనసు

వచనం
వాన "జ్ఞాపకాల వాన" అయిన క్షణం నుంచి అది దేన్నీ తడపదు. ముగ్గు "మౌనపు ముగ్గు" అయ్యాక చెరిగినా కనబడదు. రెండు పంక్తుల్లో రెండు షష్ఠులు, ఒక "లా". మూడూ తీసేసి ఏం మిగిలిందో చూడండి: వాన, ముగ్గు. ఆ రెండే మీవి. పైన చిత్తుప్రతి గారి చేతికి అంటిన పిండి లాంటిది ఒక్కటి వెతకండి, మనసు మాట అక్కర్లేకుండానే మనసు వస్తుంది.

పంక్తి విరుపు కూడా చూడండి. "తడిసిన" దగ్గర విరిచారు, అక్కడ చదివేవాళ్ళకు ఎదురుచూపు కలగాలి. తర్వాత వచ్చేది ఎదురుచూసిన దానికన్నా చిన్నదైతే విరుపు దండగ.

అప్పులేని యతి
ఒకరి కవిత ఇంకొకరు తిరగరాసి ఇవ్వడం మీద నాకు అభ్యంతరం ఉంది గానీ, పద్యంలో మినహాయింపు ఇస్తాను. "రెండో పాదంలో యతి లేదు" అని వదిలేస్తే ఎదుటివాళ్ళకు దారి తెలియదు. ఒక్క పాదం కట్టి చూపితే తెలుస్తుంది. నాలుగు పాదాలూ కట్టి ఇస్తే మాత్రం ఆ పద్యం మనదైపోతుంది.

చిత్తుప్రతి
ఇప్పటికి ఇలా తేలింది. గ్రాంథికం వైపే మొగ్గాను.

వాన చుక్క రాలె వాకిట ముగ్గుపై
రూపు మారె గరగి లోని చుక్క
గీత చెరిగిపోయె గీసిన చేతికి
నంటుకొనిన పిండి యట్లె యుండె

విసంధి
రాలె, మారె, పోయె, యుండె. నాలుగు పాదాల్లో నాలుగు సమాపక క్రియలు, అన్నీ ఎత్వంతో ఆగుతున్నాయి. నాలుగు చిన్న వాక్యాలు పక్కపక్కన పెట్టినట్టుంది. 1, 3 పాదాల్లో "రాల", "చెరిగిపోవ" అనండి. గణం మారదు, రెండూ గలలే. వాక్యం కింది పాదంలోకి జారుతుంది.

వచనం
మూడో పాదంలో "చెరిగిపోవ" అంటే పిండి మిగలడానికి గీత చెరగడమే కారణమన్నట్టు వినబడుతుంది. "పోయె" ఉంచి, మొదటి పాదంలో ఒక్కటే మార్చండి.

చిత్తుప్రతి
మొదటిదాంట్లో "రాల" పెట్టేశాను. మూడోది రెండు విధాలా పైకి చదివి చూస్తున్నాను, ఇంకా తేలలేదు.