అప్‌డేట్: వర్చువల్‌బాక్స్‌లో ఆండ్రాయిడ్ ఎట్టకేలకు లేచింది

పోయిన వారం అడిగింది నేనే. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఆండ్రాయిడ్-ఎక్స్86 9.0 (పీసీల కోసం మార్చిన ఆండ్రాయిడ్) ఎక్కిస్తే, హోమ్ స్క్రీన్ రాకుండా నల్ల తెర మీద అక్షరాల దగ్గరే ఆగిపోతోందని. ఇప్పుడు నడుస్తోంది.

ర్యామ్ పెంచమని చాలామంది అన్నారు. 2 జీబీని 4 చేశాను, ఏం తేడా లేదు. అసలు తిరకాసు డిస్‌ప్లే సెట్టింగ్‌లో ఉంది. గ్రాఫిక్స్ కంట్రోలర్ (తెర మీద బొమ్మ చూపించే భాగం) వీఎమ్‌ఎస్‌వీజీఏ అని ఉంటే దాన్ని వీబాక్స్‌ఎస్‌వీజీఏకి మార్చి, 3డీ యాక్సిలరేషన్‌కి టిక్ పెట్టాను. అంతే, వచ్చేసింది! ఈ ఒక్క టిక్ కోసం రెండు రాత్రులు మేలుకున్నాను. బెంగళూరు మారతహళ్లి పీజీలో నా రూమ్మేట్ "లైటార్పరా బాబూ" అని మొత్తుకుంటూనే ఉన్నాడు.

వచ్చాక కూడా నత్తనడకే. విండో కింద మూలన ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉంది. విండోస్‌లోని హైపర్-వీ (విండోస్ సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ) మధ్యలో దూరినప్పుడు అది కనిపిస్తుంది. విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆపి రీస్టార్ట్ చేస్తే నా దాంట్లో తాబేలు పోయింది. మెమరీ ఇంటెగ్రిటీ భద్రత కోసం పెట్టింది కాబట్టి, పనయ్యాక మళ్లీ ఆన్ చేసేస్తున్నా.

మౌస్ బాణం కనిపించకపోతే ఇన్‌పుట్ మెనూలో మౌస్ ఇంటిగ్రేషన్ తీసేయండి. నేను రాసుకున్న చిన్న యాప్ పరీక్షించడానికి ఇది చాలు. బ్యాంకు యాప్ మాత్రం తెరుచుకోలేదు, దానికి ఫోనే గతి.