మామిడి దారి: శనివారం లోపల తేలాల్సినవి

(మామిడి దేశాలు దాటిన కథ మీద న్యూజెర్సీలో ఒక హాల్లో ప్రదర్శన పెట్టేవాళ్ళ మాటలు ఇవి. ఒక్కొక్కరినీ వాళ్ళ ఊరి పేరుతో రాసినాం.)

పాకాల (న్యూజెర్సీ): హాలు వాళ్ళ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. లోపల గుడ్డ వేలాడదీయాలంటే ఎన్‌ఎఫ్‌పీఏ 701 సర్టిఫికెట్, అంటే గుడ్డకి మంట తొందరగా అంటుకోదని పరీక్ష చేసిన కాగితం, చూపించాలంట. మన ఆరు కలంకారీ తెరలకీ అది లేదు. నిన్న రాసుకున్న పట్టీ పక్కన పెట్టండి, ముందు ఇది తేల్చాల.

శ్రీకాళహస్తి: ఏంది సామీ ఇది? గోవా నుంచి బ్రెజిల్‌కి పోయిన దారి, మనీలా నుంచి మెక్సికోకి పోయిన దారి, అంతా కలంతో గీసి పంపించినాం. పార్సిల్ మీ చేతికందినాక వద్దంటే పనివాళ్ళకి మిగతా సగం ఎవరిస్తారు?

చంద్రగిరి (న్యూజెర్సీ): డబ్బు పూర్తిగా ఇస్తామన్నా, దాని గురించి ఆలోచన వద్దు. మంట అంటుకోకుండా స్ప్రే దొరుకుతుంది, కొట్టేద్దామా?

శ్రీకాళహస్తి: కొట్టొద్దమ్మా. ఆ నలుపు తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమి. కరక్కాయ పట్టిన గుడ్డ మీదే అది నల్లబడేది. ఆమ్లం తగిలితే వెలిసిపోతుంది. స్ప్రేలో ఏముందో తెలీకుండా తెర మొత్తం తడిపితే గీతలే ఉండవు. అంతగా కావాలంటే పార్సిల్లో అడుగున జానెడు పీలిక పెట్టినాను, దాని మీద కొట్టి ఒకరోజు చూడండి.

పాకాల: ఇంట్లో కొట్టుకున్నదానికి సర్టిఫికెట్ ఎవరూ ఇయ్యరక్కా.

పుత్తూరు: హాలు షరతులు చదవండని మొదట్నుంచీ మొత్తుకుంటా ఉండా. ఒక్కరన్నా చదివినారా?

పాకాల: చదివింది మీరైతే ఆ రోజే చెప్పుండొచ్చు కదా?

దామలచెరువు: ఇద్దరూ ఆగండప్పా. మన తోతాపురి ఎక్కువగా దేశం దాటింది గుజ్జుగా, డబ్బాలో. ఆ డబ్బాలనే గోపురం మాదిరి పేర్చి నిలబెడదాం. పెద్ద డబ్బా 3.1 కిలోలు, పెట్టెకి ఆరు. కింద 16, పైన 9, 4, 1. మొత్తం 30, అంటే అయిదు పెట్టెలు. వరసకీ వరసకీ మధ్య పలచటి ప్లైవుడ్ వెయ్యాల, లేకుంటే అంచు మీద అంచు కూర్చుని జారుతుంది. ఉబ్బిన డబ్బా ఒక్కటి కూడా తీసుకోవద్దు. సొట్టలుంటే అడుగు వరసలో అసలు పెట్టొద్దు.

చంద్రగిరి: మా వీధి కిరాణా ఆయన్ని అడిగినా. సీలు తియ్యకుండా సోమవారం తిరిగిస్తే అద్దె వద్దన్నాడు. మరి కాయ ఆకారం ఎట్లా చూపిస్తాం? చిత్తూరు నుంచి వచ్చేవాళ్ళు నాలుగు తెస్తే?

పాకాల: వద్దు. సామానులో తాజా కాయ, టెంక రెండూ పట్టుకుంటారు. టెంకపురుగు భయం. 2007లో మన కాయకి ఇక్కడ అమెరికాలో తలుపు తెరిచింది కూడా 400 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ పట్టించాలన్న షరతు మీదే. మట్టితో చేయిద్దాం, తోతాపురి కొసన ఉండే చిలకముక్కు మాత్రం సరిగ్గా రావాల.

పుత్తూరు: మట్టి నేను తెస్తా. పొద్దున మాట జారినా, ఏమనుకోవద్దు. డబ్బాల పక్కన ఫ్లోరిడా కథ కూడా పెట్టండి. 1902లో అక్కడి కోకోనట్ గ్రోవ్‌లో మన దేశపు ముల్గోబా మామిడి టెంకలు నాటితే వచ్చింది హేడెన్ రకం, దాని సంతతే టామీ అట్కిన్స్ అనే రకం. ఇక్కడి పిల్లలు అంగట్లో చూసే ఎర్రకాయ మన చుట్టమేనని వాళ్ళకి తెలియాల.

శ్రీకాళహస్తి: మరి నా తెరలు?

పాకాల: హాలు ముందు పచ్చికలో కడదామన్నా. షరతు లోపలికే అని రాసిచ్చినారు.

శ్రీకాళహస్తి: అట్లయితే రెండే కట్టండి. తొమ్మిదడుగుల గుడ్డ గాలికి తెరచాప మాదిరి గుంజుతుంది. కింది మడతలో ఇసక నింపిన పైపు దూర్చి, రెండు కొసలూ మేకులకి కట్టండి. చినుకు పడితే వెంటనే చుట్టేయండి, తడి మీద మడత పెట్టొద్దు.

చంద్రగిరి: సరే అన్నా. డబ్బాలు దించడానికి తోపుడు ట్రాలీ ఎవరి దగ్గరుంది?