ఆర్‌డీఎస్ చివరి ఆయకట్టు: వంతులు ఎలా నిలబెట్టుకోవాలి?

అలంపూర్ మిరప రైతు:
అందరికీ నమస్కారం. మాది రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్‌డీఎస్) కాల్వ కింద చివరి ఊరు. తుంగభద్ర మీద కట్టిన ఆనకట్ట కర్ణాటకలో ఉంది, కాల్వ మొదటి 42 కిలోమీటర్లూ అక్కడే. లెక్క ప్రకారం మన తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు. నిరుడు మా తూము దగ్గర మాత్రం మోకాలెత్తు జమ్ము, దాని మధ్య పాదం తడిసేంత నీళ్లు. మూడెకరాల మిరప పూత మీద ఎండిపోయింది.

ఇన్నాళ్లూ పై రాష్ట్రం వాళ్లే ఆపుతున్నారనుకున్నా. రెండు రాత్రులు బండి మీద గట్టు వెంట పోయి చూస్తే, సరిహద్దు దాటాక మన వైపు కూడా కాల్వలో వరసగా మోటార్ల పైపులు. అందులో మా చుట్టాలవీ ఉన్నాయి. కేసులు పెట్టి వాళ్లను ఆపాలని నాకు లేదు. వంతులు పెట్టుకుని నిలబెట్టుకున్నవాళ్లు ఎలా చేశారో చెప్పండి.

సాగర్ ఎడమ కాల్వ, తిరువూరు:
అన్నా, మా నీళ్లు నల్గొండ, ఖమ్మం దాటి రావాలి. 2014 తర్వాత మధ్యలో రాష్ట్ర సరిహద్దు కూడా పడింది. మా మేజరు (పెద్ద కాల్వ నుంచి చీలే పిల్లకాల్వ) కింద వంతును చివరి తూము నుంచి మొదలుపెట్టాం. మొదటి నాలుగు రోజులు పై షట్టర్లు దించి, ఊరికిద్దరు కాపలా. పైవాళ్ల వరి పొట్ట మీదున్నప్పుడు మాత్రం వంతు మార్చి ముందు వాళ్లకే ఇచ్చాం. ఆ మాట తప్పలేదు కాబట్టే మూడేళ్లుగా నడుస్తోంది.

రిటైర్డ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్):
1997 నీటి సంఘాల చట్టం ప్రకారం వారబందీ పట్టిక, అంటే ఎవరికి ఎప్పుడు నీళ్లో చెప్పే వంతుల పట్టిక వేసుకోవడం నీటి సంఘం పనే. మీ దగ్గర సంఘం నడవకపోయినా కాగితం మీద రాసి అందరి సంతకాలు తీసుకోండి. రెండోది, తుంగభద్ర డ్యాం నుంచి మనకు నీళ్లు వదలాలంటే తుంగభద్ర బోర్డుకు ఇండెంట్, అంటే ఇన్ని నీళ్లు కావాలని అడిగే కాగితం వెళ్లాలి. అది ఏ తేదీన, ఎన్ని క్యూసెక్కులకు వెళ్లిందో ఆఫీసులో అడగండి. సరిహద్దు దగ్గర నీటి మట్టం చూపే గేజీ రోజూ పొద్దున ఆరింటికి చూసి నోటుబుక్కులో ఎక్కించండి. కర్ణాటక వైపు కూడా ఈ కాల్వ కింద 5,879 ఎకరాలుంది. అక్కడి రైతును ఒకరిని పక్కన ఉంచుకునే రాయండి. ఇద్దరూ కలిసి చూసిన అంకెను ఏ ఆఫీసరూ తేలిగ్గా కొట్టేయలేడు.

అలంపూర్ మిరప రైతు:
సార్, గేజీ సంగతి నాకు తట్టనేలేదు. ఆదివారం పై ఊళ్లో ఉన్న మా మేనమామను తీసుకుని పోతున్నా. ఆయన మోటారూ కాల్వలోనే ఉంది, అయినా వస్తానన్నాడు. తిరువూరు అన్నా, కాపలావాళ్లకు కూలి ఎవరిచ్చారు?

సాగర్ ఎడమ కాల్వ, తిరువూరు:
ఎకరానికి యాభై రూపాయలు వేసుకున్నాం. చివరివాళ్లే కాదు, పైవాళ్లూ ఇచ్చారు.