పాత పోస్టర్ల మీద ఉండే లావు అక్షరాలు లైటింగ్ బోర్డుకి పనికొస్తాయా?

అడిగినవారు: తెనాలిలో కాఫీ షాపు పెడుతున్నాం. పేరు ఇంగ్లీషులో పెద్దగా, కింద తెలుగులో ఉంటుంది. పాతకాలం పోస్టర్ల మీద కనిపించే, కొసల్లో చిన్న గీతలుండే లావు అక్షరాలు కావాలని ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ అనే ఫాంట్ ఎంచుకున్నాను. ఫోన్‌లో అదిరిపోయింది. బోర్డు చేసే ఆయనేమో "ఇది లైటింగ్‌కి రాదండీ, వేరేది చూడండి" అంటున్నారు. నిజమేనా, పని తగ్గించుకోవడానికి చెబుతున్నారా?

జవాబు: నిజమే చెప్పారండీ. ఈ ఫ్యాట్ ఫేస్ రకం 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో వచ్చింది. లాటరీ ప్రకటనలకీ గోడ పోస్టర్లకీ తెగ వాడారు. నిలువు గీత బాగా లావు, అడ్డగీత వెంట్రుకంత. అందమంతా ఆ తేడాలోనే ఉంది. కాగితం మీద పెద్దగా అచ్చేస్తే బాగుంటుంది. లోపల ఎల్ఈడీలు పెట్టే అక్షరాలకి అదే ఇబ్బంది: సన్నగీతలో ఎల్ఈడీ పట్టదు. రాత్రి రోడ్డు అవతల నుంచి చూస్తే పెద్ద ‘హెచ్’ రెండు నిలువు కర్రల్లా, చిన్న ‘ఈ’ ‘సీ’లా కనబడతాయి.

అడిగినవారు: బోల్డ్ నొక్కితే సన్నగీతలు కొంచెం లావెక్కవా?

జవాబు: వద్దండీ! ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్‌లో ఉన్నది ఒకటే మందం. బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అన్ని వైపులా ఉబ్బిస్తుంది, అక్షరం లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

మరొకరు: నేను సైన్ బోర్డుల పనిలోనే ఉన్నాను. ఆ ఫాంటే కావాలంటే లైటింగ్ మార్చండి. ఏసీపీ షీటు (అల్యూమినియం పూత ఉన్న బోర్డు పలక) మీద అక్రిలిక్ అక్షరాలు కోసి అంటించి, పైనుంచి స్పాట్ లైట్లు వేయండి. పాతకాలం లుక్ ఇంకా బాగా వస్తుంది. ముందు ఒక్క అక్షరాన్ని అసలు సైజులో ప్రింట్ తీసి, సన్నగీతని స్కేలుతో కొలిచి, అంత సన్నగా విరక్కుండా కోయగలరా అని అడగండి. లేదు, అక్షరాలే వెలగాలంటే కూపర్ బ్లాక్ అనే ఫాంట్ చూడండి. షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసింది, 1922లో వచ్చింది. కొసలు గుండ్రంగా ఉంటాయి, గీతల మందంలో తేడా తక్కువ. బ్రిటన్ విమాన సంస్థ ఈజీజెట్ విమానాల మీద ఉన్నది అదే. ఏబ్రిల్ వ్యాపారానికీ ఉచితమే గానీ, కూపర్ బ్లాక్ లైసెన్స్ చూసుకోవాలి.

అడిగినవారు: స్పాట్ లైట్లే వేయిస్తాను. మరి తెలుగు పేరుకి కూడా అలా కొసల్లో గీతలున్నది దొరుకుతుందా?

జవాబు: తెలుగు అక్షరాలకి ఆ కొసలు అతికిస్తే తలకట్టుతో కలిసి గందరగోళమవుతుంది. నాకైతే అస్సలు నచ్చదు. మందం కలిస్తే చాలు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర ఉచితంగా ఉంది, శీర్షికలకి సరిపోయేంత లావు. వత్తులకి కింద చోటు వదలండి. ఎత్తు ఇంగ్లీషుతో సమానంగా పెట్టకండి, గుడులూ వత్తులూ పోగా అసలు అక్షరం చిన్నదైపోతుంది.

మరొకరు: ఫైలు పంపేముందు కోరల్‌డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్)లో అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంట్‌తో పనిలేని గీతల బొమ్మలుగా మార్చండి. లేకపోతే బోర్డు చేసే షాపులో ఆ ఫాంట్ ఉండదు, ఏరియల్‌లో కోసి పెడతారు.

అడిగినవారు: కర్వ్స్ చేశాక స్పెల్లింగ్ మార్చుకోవచ్చా?

మరొకరు: కుదరదండీ. మామూలు ఫైలు ఒకటి విడిగా దాచుకోండి.