పాత రెయిడ్-1 జంట డిస్కులపై డెబియన్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే హోమ్‌లోని ఫైళ్లు నిలుస్తాయా?

ప్రశ్న (భీమవరం నుంచి)

మా రొయ్యల చెరువుల లెక్కలన్నీ, మేత బిల్లులు మొదలుకొని కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) వారీ పట్టుబడుల వరకు, డెబియన్ 10 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్)తో నడిచే ఒక కంప్యూటర్‌లో ఉన్నాయి. అందులో రెండు 2 టీబీ డిస్కులు సాఫ్ట్‌వేర్ రెయిడ్-1గా (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా) పనిచేస్తున్నాయి; రూట్ (సిస్టమ్ ఫైళ్లు) ఎండీ0 అనే రెయిడ్ పరికరం మీద, హోమ్ (మా సొంత ఫైళ్లు) ఎండీ1 మీద ఉన్నాయి. ఆ వెర్షన్‌కు దీర్ఘకాలిక మద్దతు 2024 జూన్ 30తో ముగిసినందున డెబియన్ 12ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయదలిచాను. రెయిడ్‌ను మళ్లీ సృష్టించాలా, లేక ఉన్నదాన్నే వాడుకోవచ్చా?

సమాధానం 1 (అమలాపురం నుంచి)

సృష్టించకండి. రెయిడ్ వివరాలు ఆపరేటింగ్ సిస్టమ్‌లో కాక, జతలోని ప్రతి పార్టిషన్ (డిస్కులోని భాగం) మీదా సూపర్‌బ్లాక్ రూపంలో రాసి ఉంటాయి కాబట్టి, రూట్‌ను పూర్తిగా తుడిచేసినా ఆ జత చెదరదు. ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్ల దశకు వచ్చినప్పుడు విడి డిస్కుల పార్టిషన్లను ముట్టుకోకుండా, రెయిడ్ పరికరాలుగా కనిపించే రెండింటినే ఎంచుకోండి. రూట్‌ను ఫార్మాట్ చేయమనండి. హోమ్‌కు మౌంట్ పాయింట్ (అది కనిపించాల్సిన ఫోల్డర్) మాత్రమే ఇచ్చి, ఉన్న డేటాను ఉంచమనే ఎంపికను రెండుసార్లు సరిచూసుకోండి. అవి కనిపించకపోతే రెండో కన్సోల్‌లోకి వెళ్లి ఎండీఏడీఎం అనే రెయిడ్ నిర్వహణ కమాండ్‌కు అసెంబుల్, స్కాన్ ఆప్షన్లు ఇచ్చి నడపండి. ఎండీ127 వంటి పేరు వస్తే కంగారు పడనవసరం లేదు, పేరు మారుతుంది గాని లోపలి డేటా మారదు.

పాత యూజర్ పేరునే, అదే యూఐడీతో (యూజర్ గుర్తింపు సంఖ్య; మొదటి యూజర్‌కు సాధారణంగా 1000) పెట్టుకుంటే ఫైళ్ల యాజమాన్యం చిక్కు రాదు. మీది బయోస్ బూట్ (యూఈఎఫ్‌ఐ కాని పాత పద్ధతి) అయితే చివరలో, సిస్టమ్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌ను రెండు డిస్కుల మీదా వేయండి. చాలామంది మరచిపోయేది ఇదే: ఒక్కదాని మీదే గ్రబ్ ఉండి ఆ డిస్కే పోతే, రెండోదానిలో డేటా చెక్కుచెదరకున్నా యంత్రం లేవదు.

సమాధానం 2 (పాలకొల్లు నుంచి)

పై సలహా సరైనదే గాని, రెయిడ్‌ను బ్యాకప్ అనుకోకండి. మీరు పొరపాటున హోమ్‌ను ఫార్మాట్ చేస్తే ఆ పొరపాటు రెండు డిస్కుల మీదా ఒకేసారి పడుతుంది. ముందుగా వేరే డిస్కుకు కాపీ తీయండి. ఆపైన నేనైతే ఎండీస్టాట్‌లో (రెయిడ్ స్థితిని చూపే ఫైలు) రెండు డిస్కులూ సరిగా ఉన్నట్లు చూసుకొని, యంత్రాన్ని ఆపి, ఒక డిస్కు కేబుల్‌ను ఊడదీసి మిగిలినదాని మీదే ఇన్‌స్టాల్ చేస్తాను. అంతా బాగుందని తేలాక రెండోదాన్ని తగిలించి, దాని పార్టిషన్లను ఎండీఏడీఎంతో తిరిగి జతలో చేర్చవచ్చు. ఈలోగా ఆ పక్కన పెట్టిన డిస్కు ఒక్కదానితో మాత్రం బూట్ చేయవద్దు, ఎందుకంటే అప్పుడు రెండు డిస్కులూ చెరొక దారి పడతాయి.

ప్రశ్న అడిగినవారి జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాపీ తీసి, ఒక డిస్కు ఊడదీసి ఇన్‌స్టాల్ చేశాను. హోమ్‌లోని ఫైళ్లన్నీ ఉన్నాయి. రెండో డిస్కును చేర్చాక సింక్ మొదలైంది. ఇక్కడ కరెంటు మీద నమ్మకం లేదు గనుక, చెరువుల దగ్గరి జనరేటర్‌కు డీజిల్ పోయించి మరీ కూర్చున్నాను. సింక్ పూర్తయ్యాక గ్రబ్‌ను రెండోదాని మీద కూడా వేసి, మొదటిదాన్ని తీసి బూట్ అవుతుందో లేదో చూస్తాను.