కోనసీమలో మినిమలిస్ట్ ఇల్లు: సజ్జాలు లేకుండా కట్టవచ్చా?

ప్రశ్న: ఇంటి యజమాని, అమలాపురం పరిసరాలు

అందరికీ నమస్కారం. ఏటిగట్టుకు ఇవతల, మా కొబ్బరితోటలోని మెరక మీద ఇల్లు కట్టాలని నిశ్చయించుకున్నాము. హైదరాబాదు ఆర్కిటెక్టు ఒకరు మినిమలిస్ట్ పద్ధతిలో నమూనా గీసి ఇచ్చారు. చదునైన కప్పుతో, ఏ అలంకారమూ లేని తెల్లని గోడలతో రెండంతస్తుల కట్టడం అది. కిటికీల మీద సజ్జాలు లేవు. పడమటి హాలుకు నేల నుంచి కప్పు దాకా అద్దమే గోడ. లోపల గోడ అడుగున స్కర్టింగు పట్టీ ఉండదు, తలుపుల చట్రాలు కనబడవు, అలమరాలకు పిడులు ఉండవు. బొమ్మల్లో చూస్తుంటే మనసుకు చాలా హాయిగా ఉంది. అనవసరమైన వస్తువులేవీ లేని ఇంట్లో ఉండాలన్న కోరిక నాకు నిజంగానే ఉంది.

మా అమ్మగారు మండువా లోగిలిలో, అంటే నడుమ ఆకాశానికి తెరచి ఉండే పాతకాలపు ఇంట్లో పుట్టి పెరిగారు. ఆ బొమ్మలు చూసి ఆవిడ రెండే ప్రశ్నలు అడిగారు. వాన జల్లు ఎక్కడ ఆగుతుంది? బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, సంక్రాంతికి వచ్చేవారి పరుపులు ఎక్కడ పెడతారు? నా దగ్గర సమాధానం లేకపోయింది. అలంకారమంతా తీసేసినా అంచనా మామూలు ఇంటికంటే ఎక్కువ ఎందుకు వచ్చిందో కూడా తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: స్ట్రక్చరల్ ఇంజనీరు, కాకినాడ

అయ్యా, మీ అమ్మగారి మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను. సజ్జా అలంకారం కాదు. మన వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో వాన నిలువుగా పడదు. తుపాను గాలికి జల్లు గోడను అడ్డంగా కొడుతుంది. 1996 నవంబరు తుపానును చూసిన కోనసీమ వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. సజ్జా లేని గోడ మీద జారే నీరు కిటికీ చట్రం పక్కనున్న సన్నని సందును వెతుక్కుని లోపలికి వస్తుంది. పిట్టగోడ మీది దుమ్ము కడుక్కుని కారే నీటితో తెల్లని గోడకు నల్లని చారలు కట్టి, ఆ తరువాత నాచు పడుతుంది. పై స్లాబునే మూడడుగులు బయటికి చాచి, దాని అడుగు అంచున నీరు తెగి పడేలా చిన్న గాడి తీయిస్తే, మీరు కోరుకునే నిరాడంబరత ఏమాత్రం తగ్గదు. కింది అంతస్తు కిటికీలకు మాత్రం పలుచని సజ్జా విడిగా ఉండవలసిందే.

పడమటి అద్దం విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ వాలుగా వస్తుంది కనుక దానిని ఏ సజ్జా కూడా ఆపలేదు. ఆ వైపు లోతైన వరండా వేయండి, లేదా అద్దాన్ని ఉత్తరానికి మార్చండి. మన డెల్టా పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉండటం వల్ల సుమారు మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు. అందుచేత అక్కడ కూడా కొద్దిపాటి నీడ అవసరం.

పూత లేని కాంక్రీటు గోడలు వేయదలిస్తే కాంక్రీటు పనికి మన దేశంలో ఉన్న ఐఎస్ 456 ప్రమాణాన్ని తప్పకుండా పాటించమని అడగండి. సముద్రతీర వాతావరణానికి అందులో చెప్పినది కనీసం ఎం30 బలం ఉన్న కాంక్రీటు, లోపలి ఇనుమును కప్పుతూ 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు. ఇనుము ఉన్న కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. తీరానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది కనుక ముందే పరీక్ష చేయించండి. మీ నేల నల్లరేగడి అయితే పునాది మీద మరింత శ్రద్ధ కావాలి. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పొడవైన ఖాళీ గోడ మీద వెంట్రుకంత బీట కూడా దాగదు.

జవాబు: ఇంటీరియర్ పనులు చేయించేవారు, భీమవరం

ఖర్చు సంగతి నేను చెబుతాను. మామూలు ఇంట్లో గోడ, నేల కలిసే చోటును స్కర్టింగు కప్పేస్తుంది. గోడ, తలుపు కలిసే చోటును చెక్క పట్టీ కప్పేస్తుంది. అవి తీసేస్తే తాపీ మేస్త్రి చేతిపని, వడ్రంగి చేతిపని రెండూ బయటపడతాయి. ప్లాస్టరింగు వంకరను లప్పంతో ఎంతని సరిచేస్తారు? పక్క నుంచి వెలుతురు పడగానే గోడ మీది ప్రతి ఎగుడుదిగుడూ కనబడుతుంది. మీరు అదనంగా చెల్లించేది ఆ నేర్పుకు, దానికి పట్టే సమయానికి. కాబట్టి ఒప్పందానికి ముందే ఒక తలుపు, దాని చుట్టూ కొంత గోడ, నేల కలిసిన మూల నమూనాగా కట్టించి చూడండి. పండుగలకు నీళ్ళు పోసి ఇల్లు కడిగే అలవాటు మీ ఇంట్లో ఉంటే స్కర్టింగును పూర్తిగా వదిలేయకండి. గోడతో సమానంగా లోపలికి దిగవేసిన గ్రానైటు పట్టీ అయితే కంటికి అడ్డురాదు, గోడ అడుగు తడవదు.

సామాను గురించి మీ అమ్మగారి మాటే సరైనది. ఖాళీగా కనబడే హాలు వెనుక సామాను దాచుకునే గది ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. అది లేని చోట గృహప్రవేశమైన ఏడాదికే హాలు నిండిపోతుంది. వంటింటి పక్కనే పది, పన్నెండు అడుగుల కొట్టు గది అడగండి. బస్తాలకు నేల నుంచి ఎత్తుగా రాతి అరుగు, జాడీలకు కడప బండల అరలు, పైన పరుపులకు అటక, గాలి ఆడేందుకు ఎదురెదురుగా రెండు చిన్న కిటికీలు ఉండాలి.

అలమరాలను బయటి గోడకు ఆనించి బిగించవద్దు. వెనుక చెమ్మ చేరి బట్టలకు బూజు పడుతుంది. తలుపులు సన్నని చెక్కపట్టీల అల్లికతో చేయిస్తే గాలి ఆడుతుంది, చూడటానికి కూడా ముచ్చటగా ఉంటుంది. చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలక మన తేమకు ఉబ్బిపోతుంది. ఐఎస్ 710 ప్రమాణం ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వాడండి. స్టీలు రెయిలింగులు, పట్టీలు 304 రకానివి కాకుండా 316 రకానివి కొనండి. అందులో మాలిబ్డినం అనే లోహం ఉండటం వల్ల ఉప్పు గాలిని బాగా తట్టుకుంటుంది.

జవాబు: ఆర్కిటెక్చర్ అధ్యాపకులు, రాజమహేంద్రవరం

ఈ చర్చలో మినిమలిజం మన నేలకు పరాయిదన్న భావం కలగకూడదని రాస్తున్నాను. ఈ ధోరణికి మూలపురుషులలో ఒకరైన ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రోహె 1929లో బార్సిలోనాలో నిర్మించిన పెవిలియన్‌లో అలంకారమంటూ విడిగా లేదు. కానీ గోడలకు వాడినవి ఆకుపచ్చని పాలరాయి, బంగారు వన్నె ఓనిక్స్ రాయి. సంపన్నత అక్కడ పోలేదు, రాతిలోకి చేరింది. అదే మీస్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఫాక్స్ నది ఒడ్డున 1951లో పూర్తి చేసిన ఫార్న్స్‌వర్త్ గాజు ఇల్లు మనకు మరింత ముఖ్యమైన పాఠం. వరద వస్తుందని తెలిసే ఆయన నేలను సుమారు ఐదడుగుల ఎత్తున స్తంభాల మీద నిలిపారు. అయినా 1954లో, 1996లో నీరు ఇంట్లోకి వచ్చింది. వేసవిలో ఆ గాజు గోడల మధ్య వేడికి ఇంటావిడ ఇబ్బంది పడ్డారు. కట్టడం మహా అందమైనదే; నేను విద్యార్థులకు ప్రేమతో బోధిస్తాను. అయినా దానిని నదీ తీరంలో అనుకరించమని ఎవరికీ చెప్పను. 1986 ఆగస్టులో, 2022 జులైలో గోదావరి నీరు మీ పరిసరాల్లో ఎంతదాకా వచ్చిందో ఊరి పెద్దలను అడిగి, అరుగు మట్టాన్ని దానికి పైన నిర్ణయించండి.

మీ ఆర్కిటెక్టుకు చూపించవలసిన కట్టడం పుదుచ్చేరిలో ఉంది. అరవిందాశ్రమ వసతిగృహమైన గోల్కొండ భవనాన్ని ఆర్కిటెక్టు ఆంటొనిన్ రేమండ్ రూపొందించారు. ఆయన దగ్గర పనిచేసిన జార్జ్ నకషిమా అక్కడే ఉండి పని నడిపించారు. 1930లలో మొదలైన ఆ నిర్మాణానికి హైదరాబాదు సంస్థానం దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం విరాళం అందింది. ఆ పేరు కూడా అందువల్లనే వచ్చింది. మనలాంటి తేమ, మనలాంటి తీరం. అక్కడ అద్దాలకు బదులు గోడ పొడవునా తెరచి మూసే అడ్డుపలకలు ఉన్నాయి. గదికీ నడవాకూ మధ్య గాలి ఆడే టేకు తలుపులు, కింద కడప రాయి, తెల్లని గోడలు. అంతకుమించి ఏమీ లేదు. మన వాతావరణానికి తగిన మినిమలిజానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక మండువా మాట. జపాను ఆర్కిటెక్టు తడావో ఆండో 1976లో ఒసాకాలో కట్టిన సుమియోషి ఇల్లు వెడల్పు సుమారు 3.3 మీటర్లే, అంతా ఉత్త కాంక్రీటు. ఆ ఇరుకులో కూడా ఆయన నడిమధ్య భాగాన్ని ఆకాశానికి వదిలేశారు. ఒక గది నుంచి మరో గదికి వెళ్ళాలంటే వానలో తడవాలి. మన మండువాలో చుట్టూ వసారా ఉంటుంది కనుక ఆ బాధ లేదు. నగిషీ చెక్కిన స్తంభాలను, రంగుటద్దాలను తీసివేసి, తెరపును, వసారాను, లోతైన చూరును ఉంచుకుంటే మీ అమ్మగారి ఇల్లు, మీరు కోరుకున్న ఇల్లు ఒకే పటంలో ఇమిడిపోతాయని నా నమ్మకం.

ప్రశ్న వేసినవారు

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. అద్దం గోడను ఉత్తరానికి మార్చి, నడుమ పన్నెండు అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న మండువా పెట్టి కొత్త పటం గీయమని ఆర్కిటెక్టును కోరాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. తుపాను వానకు మండువా నిండి నీరు గదుల్లోకి రాకుండా ఏ జాగ్రత్త తీసుకోవాలో ఇంజనీరు గారు దయచేసి చెప్పగలరా?

జవాబు: స్ట్రక్చరల్ ఇంజనీరు, కాకినాడ

గంటకు 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ తెరపులోనే గంటలో దాదాపు 1,340 లీటర్ల నీరు పడుతుంది. చుట్టూ కప్పులు లోపలికి వాలి ఉంటే అంతకు చాలా రెట్లు వస్తుంది కనుక వాలును బయటికి పెట్టించండి. మండువా నేలను వసారా కంటే కనీసం ఆరంగుళాలు దించి, ఎదురెదురు మూలల్లో రెండు తూములు వేర్వేరు గొట్టాలతో బయటికి పంపండి. గాలివానకు కొబ్బరి పీచు, ఆకులు కొట్టుకొచ్చి ఒకటి మూసుకుపోయినా రెండవది పనిచేయాలి. తూముల మీది జల్లెడ చేత్తో ఎత్తి శుభ్రం చేసుకునేలా ఉండాలి. గొట్టాలు బయట కలిసే కాలువ మట్టం వరదనాడు ఎంత ఉంటుందో కూడా పటంలో గుర్తించమనండి. అది మండువా నేలకంటే పైకి వచ్చే అవకాశం ఉంటే నీరు వెనక్కి తన్నకుండా ఒకవైపే తెరుచుకునే వాల్వు బిగించాలి.